కెమెరా మీద బొట్టు

2024 అక్టోబరు 9, బుధవారం

ఈ రోజు కూడా రోబో గుడ్డ కిందే ఉంది. ఏదో తనిఖీ కమిటీ వస్తుందట, వాళ్లు చూసేదాకా కదిలించొద్దని ప్రిన్సిపాల్ గారి మాట. పెద్ద యంత్రమేమీ కాదు. భుజం, మోచెయ్యి, మణికట్టు, పట్టుకోవడానికి రెండు వేళ్లు, మణికట్టు మీద ఒక కెమెరా. అంతే. దీన్ని చూపించి ఎంటెక్ రోబోటిక్స్ పెట్టారు. చేరినవాళ్లం నలుగురం. ముగ్గురు ఉద్యోగాలు చేసుకుంటూ పరీక్షలకు మాత్రం కనిపిస్తారు. రోజూ వచ్చేదాన్ని నేనొక్కదాన్నే. ఉన్న ఒక్క విద్యార్థినీ ఉన్న ఒక్క రోబోను ముట్టుకోనివ్వరు. ఇదీ మా ఉన్నత విద్య.

నిన్న అమ్మీ అడిగింది, అది అంట్లు తోముతుందా అని. తోమదు అన్నాను. మరెందుకే అంది. నా ప్రాజెక్టు పేరు రాస్తే నాలుగు వరుసలొస్తుంది కాబట్టి చిన్నగా చెప్పాను. పలకల దొంతరలోంచి ఒక పలకను పగలకుండా తీసి చెక్క చట్రంలో పెట్టాలి. ఎంత గట్టిగా పట్టుకోవాలో ఎవరూ చెప్పకుండా చూసి చూసి దానంతట అదే నేర్చుకోవాలి. మీరావలి మామూ తన పలకల ఫ్యాక్టరీ నుంచి అంచులు పోయిన పలకలు ఆటోలో పంపిస్తున్నాడు. అమ్మీ అంతా విని, "మీ మామూ దగ్గర మనుషులు పెట్టటంలా ఆ పని?" అంది.

బెంగళూరు కంపెనీ వాళ్ల ఉత్తరాన్ని మళ్లీ చదివాను. డిసెంబరులో వైవా పూర్తయినట్టు కాలేజీ కాగితం పంపితేనే జనవరిలో చేర్చుకుంటారు. లేదంటే నా చోటు వరుసలో తర్వాతి మనిషిది. ఈ షరతు సంగతి గురుస్వామి సార్‌కు చెప్పలేదు. నా గైడు ఆయనే, డిపార్టుమెంటు హెడ్డూ ఆయనే. చెబితే నా కోసం అందరి కాళ్లావేళ్లా పడతారు. వద్దు.

అక్టోబరు 10, గురువారం

రేపటి నుంచి దసరా సెలవులని ఆయుధపూజ ఈ రోజే చేశారు. వర్క్‌షాపులో లేతు నుంచి ఆఫీసులో ప్రింటరు దాకా అన్నిటికీ బొట్లు. ల్యాబ్ అటెండరు నాగులు నిమ్మకాయలు కోసి పెట్టాడు. సార్ పట్టుపంచె కట్టుకుని, గిద్దలూరు రైలు దిగి నేరుగా వచ్చారు. రోబో గుడ్డ తీయించి ఒక్కో కీలుకూ ఒక్కో బొట్టు పెట్టారు. చివరికి కెమెరా దగ్గరికొచ్చి, "ఇది దీని కన్ను గదా" అని అద్దానికి సరిగ్గా పైన పెద్ద బొట్టు పెట్టారు.

కుంకుమలో నీళ్లెక్కువయ్యాయి. బొట్టు జారింది. జారి అద్దం మీదికి దిగడం నేను చూశాను.

"సార్" అన్నాను.

ఆయన గబుక్కున తిరిగారు. "ఏందమ్మా జాహిదా? నీకేమన్నా ఇబ్బందా?"

పూజలో ఉన్నవాళ్లంతా నా వంక చూశారు.

"ఏం లేదు సార్."

తర్వాత పులిహోర పెడుతూ, "తీసుకుంటావా అమ్మా, ఇబ్బంది లేదు గదా?" అన్నారు. ఈ ఏడాదిన్నరలో ఈయన చేతి ప్రసాదం ఎన్నిసార్లు తిన్నానో. ప్రతిసారీ ఇదే ప్రశ్న. పక్కన నిలబడ్డవాళ్లకు అడక్కుండా ఆకులో దిమ్మరించారు. నేను కసికొద్దీ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

అక్టోబరు 15

సార్ ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని పట్టుబట్టి అనుమతి తెచ్చారు. కమిటీ వచ్చేదాకా రోజూ మధ్యాహ్నం రోబో నాది. నాగులు పక్కన ఉండాలని ఒక్కటే నిబంధన.

కెమెరా ఆన్ చేశాను. తెర మీద కుడివైపు కింద మూల ఎర్రటి మసక. కుంకుమ ఎండిపోయి అద్దానికి పట్టేసింది. తడిగుడ్డతో ఒక్క నిమిషం పని.

అక్టోబరు 16

తుడవలేదు. రేపు తుడుస్తాను.

అక్టోబరు 18

తుడిస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. నాగులు చూస్తాడు, నన్నేమీ అనడు. మంచివాడు. సాయంత్రం క్యాంటీన్లో మాటవరసకు "జాహిదా మేడం బొట్టు తుడిచినాది" అంటాడు. అందులో అబద్ధం కూడా ఉండదు. ఆ మాట స్టాఫ్ రూముకు చేరేసరికి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మిగతా ముగ్గురిలో ఎవరు తుడిచినా కెమెరా శుభ్రం చేసినట్టు. నేను తుడిస్తే బొట్టు చెరిపినట్టు.

పోనీ సార్‌కే చెబుదామంటే అది ఇంకా ఘోరం. "అయ్యో, పొరపాటైందమ్మా" అని నొచ్చుకుంటారు. ఇక జన్మలో ఆ ల్యాబులో అగరుబత్తి వెలిగించాలన్నా నన్ను అడిగి వెలిగిస్తారు. ఇప్పుడున్న మర్యాదే మొయ్యలేక చస్తున్నాను.

అయినా మసక ఒక మూలనే కదా. పలక ఉండేది మధ్యలో.

అక్టోబరు 24

మొదలుపెట్టేశాను. ఎన్నాళ్లని ఆగాలి? చెయ్యి పలకను పట్టుకోబోతుంది, పగలగొడుతుంది, లేదా జార్చేస్తుంది. కెమెరా చూసిందీ, వేళ్లు నొక్కిందీ, పలకకు ఏమైందీ మూడూ కలిపి కంప్యూటర్ దాచుకుంటుంది. నేను చీపురుతో ముక్కలు ఊడుస్తాను. మళ్లీ మొదలు. మధ్యాహ్నమంతా ఇదే. ల్యాబంతా నల్లటి పలక దుమ్ము, నా దుపట్టా నిండా అదే.

ఆలోచిస్తే కాస్త మసక ఉండటమే మంచిది. మరీ శుభ్రమైన బొమ్మలతో నేర్చుకున్న యంత్రం బయటి దుమ్ములో తడబడుతుంది. పాఠాల్లోనూ ఇదే ఉంది. నాకు మేలే జరిగింది.

ఇక ఇప్పుడు తుడవడానికి కూడా లేదు. తుడిస్తే ఇప్పటిదాకా చేసిందంతా వృథా.

నవంబరు 6

కనిగిరి వైపు నుంచి ఏదో జూనియర్ కాలేజీ పిల్లలు బస్సులో వచ్చారు. రోబో చేత నమస్కారం పెట్టించమ్మా అని ప్రిన్సిపాల్. దానికున్నది ఒక్క చెయ్యి సార్ అన్నాను. అయితే ఊపించు అన్నారు. గంటసేపు అది చెయ్యి ఊపింది, పిల్లలు ఫోన్లలో తీసుకున్నారు. నా మధ్యాహ్నం గంగలో కలిసింది.

ఒళ్లు మండే సంగతి ఇంకొకటి జరిగింది. బీటెక్ పేతురు తప్పు తీగె కలిపి విద్యుత్ సరఫరా బోర్డు కాల్చాడు. సార్ వరండా దద్దరిల్లేలా తిట్టారు. "బుద్ధుందా రా నీకు? అన్నం తింటాండావా, గడ్డి తింటాండావా? మీ నాయన్ని పిలిపిస్తే గానీ దారికి రావు." పావుగంట తిట్టి, వాడి భుజం మీద చెయ్యేసి టీకి తీసుకుపోయారు.

పోయిన నెల నేను వేలి మోటారు కాల్చాను. దాని ఖరీదు ఆ బోర్డుకు పదింతలు. నన్నేమన్నారు? "పర్లేదమ్మా. నువ్వేం ఇబ్బంది పడొద్దు." తర్వాత వాటర్ బాటిల్ ఇచ్చారు. నేను చుట్టాన్నా?

నవంబరు 19

సార్ అయ్యప్ప మాల వేసుకున్నారు. నల్లబట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు. కాలేజీ అంతా ఆయన్ని స్వామి అంటోంది. మాలలో ఉన్నవాళ్లను అలాగే పిలవాలి కదా అని నేనూ "స్వామీ, ఈ గ్రాఫు చూస్తారా" అన్నాను. ఆయన కంగారుపడిపోయారు. "నువ్వు సార్ అనే అనమ్మా. నీకెందుకు ఇబ్బంది."

నాకు ఇబ్బంది లేదు మహాప్రభో. ఎన్నిసార్లు చెప్పాలి.

గ్రాఫులే చూపించాను. కెమెరా బొమ్మలు చూపించలేదు. ఆయనా అడగలేదు. ఆయన చదివింది మెకానికల్, కెమెరా వ్యవహారమంతా నాకే వదిలేశారు.

నవంబరు 29

తీసింది. పది పలకలు పెడితే తొమ్మిది తీసి చట్రంలో పెట్టింది. మెత్తగా పట్టుకుని, ఒకసారి ఆగి, లేపింది. నాగులు చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికెళ్లి చెబితే అమ్మీ, "పదోది ఏమైంది?" అంది.

బెంగళూరు వాళ్లకు రాసేశాను, డిసెంబరు పదకొండున వైవా అని. మసక గురించి నేను పడ్డ భయమంతా ఉత్తదే.

డిసెంబరు 10

రేపే. ఐదుసార్లు చూసుకున్నాను, ఐదుసార్లూ సరిగ్గా వచ్చింది. ల్యాబు కడిగిస్తున్నారు. నేను కూడా ఉంటానంటే సార్ ఒప్పుకోలేదు. "నువ్వు ఇంటికి పోయి పడుకోమ్మా. ఇక్కడ సంగతి మేం చూసుకుంటాం." ఈయన మర్యాద ఈ ఒక్కరోజు బాగుంది.

డిసెంబరు 11, బుధవారం

వరుసగా రాస్తాను. లేకపోతే తల పగిలిపోతుంది.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి పేరు వెంకటరామయ్య గారు. పెద్దాయన. నవ్వుముఖం. నా ఉపన్యాసం ఓపిగ్గా విని, "కానీయమ్మా, చూపించు" అన్నారు. మొదటి పలక పటుక్కున పగిలింది. రెండోదీ పగిలింది. మూడోదాన్ని పట్టుకోకుండా పక్కన గాలిని పట్టుకుంది. నాలుగోదాన్ని బల్లకేసి నొక్కింది. ఆపేశాను.

ప్రోగ్రాం మారలేదు. వెలుతురు మారలేదు. అప్పుడు తెర వంక చూశాను. కుడివైపు కింద మూల తెల్లగా, శుభ్రంగా ఉంది.

"నాగులన్నా, కెమెరా ముట్టుకున్నావా?"

"తుడిచినా మేడం. స్వామి చెప్పినాడు, దాని మీద కుంకుమంతా తీసేయమని. స్పిరిట్ పెట్టి బాగ రుద్దినా."

సార్ ముఖం మాడిపోయింది. "నేనే చెప్పినానమ్మా. ఈ రోజు నీ వైవా గదా. యంత్రం నిండా బొట్లుంటే నీకు ఇబ్బందిగా ఉంటాదేమో, నోరు తెరిచి చెప్పలేకపోతాండావేమోనని."

వెంకటరామయ్య గారికి ఏమీ అర్థం కాలేదు. నాకు అంతా అర్థమైంది. నా ప్రోగ్రాం పలకను చూడటం సరిగా నేర్చుకోనేలేదు. ఎర్ర మచ్చను గుర్తుగా పెట్టుకుంది. పలక అంచు మచ్చకు ఎంత దూరంలో ఉందో చూసుకుని వేళ్లు మూసింది. మచ్చ పోయేసరికి దానికి దిక్కు తెలియలేదు. రెండు నెలలు నేను నేర్పింది ఇదీ.

అప్పుడు నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

"సార్, నాకు బొట్టుతో ఇబ్బంది లేదు. ఏనాడూ లేదు. కెమెరా అద్దం మీద ఏమున్నా ఇబ్బందే. కుంకుమైనా ఇబ్బందే, సుర్మా అయినా ఇబ్బందే, కోడిగుడ్డు సొన అయినా ఇబ్బందే. పూజ రోజు అది జారతాంటే చూసినా. చెప్పలేకపోయినా."

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేను చెప్తే ఇంకోరకంగా వినపడతాదని."

సార్ మెడలో మాల సర్దుకున్నారు.

"వినపడుండేదేమో" అన్నారు. "నాక్కాకపోయినా ఎవరికో ఒకరికి. నేను నిన్ను అడిగితే నీకు ఇంకోరకంగా వినపడతాదేమోనని, అడక్కుండానే తుడిపిచ్చినా."

అలా ఇద్దరం ఒకళ్లనొకళ్లం నొప్పించకూడదనుకుని పలకలన్నీ పగలగొట్టుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వెంకటరామయ్య గారు మెల్లగా, "మళ్లీ పెడితే పనిచేస్తుందా?" అని అడిగారు. సార్ నిత్యపూజ సంచిలోంచి కుంకుమ భరిణె తీశారు. నేను తెర చూస్తూ ఇంకొంచెం కిందికి, కొంచెం ఎడమకు అని చెబుతుంటే ఆయన వేలికొసతో అద్దం మీద అద్దారు. మూడు పలకలు తీసింది. నాలుగోది జార్చింది.

వెంకటరామయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పాస్ చేసేస్తానమ్మా. నువ్వు పడ్డ కష్టం కనపడతానే ఉంది. నా సంతకం నీకు అడ్డం కాదు. ఒక్కటి చెప్పు. ఇది వేరే ఊళ్లో, వేరే గదిలో పనిచేస్తాదని నువ్వు సంతకం పెట్టగలవా?"

పెట్టగలను అంటే అయిపోయేది. కాగితం చేతికొచ్చేది, జనవరిలో బెంగళూరు.

"లేదు సార్. జనవరి ఆఖరు దాకా టైమియ్యండి. మళ్లీ మొదటినుంచి నేర్పిస్తాను."

ఆయన తలూపి, వైవా వాయిదా అని రాసుకున్నారు. సార్ నా వంక చూశారు. ఏదో అనబోయారు. "నీ ఇష్టమమ్మా. నేను బలవంతపెట్టను" అని ఊరుకున్నారు. ఉద్యోగం షరతు సంగతి ఆయనకు తెలియదు కదా. నేనూ చెప్పలేదు.

డిసెంబరు 12

నేనేదో గొప్పపని చేసినట్టు లేదు. వైవా వాయిదా పడిందని బెంగళూరు వాళ్లకు రాసేశాను.

డిసెంబరు 13, శుక్రవారం

బెంగళూరు నుంచి ఫోన్. అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. అర్థం చేసుకున్నామంది. నా చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. మళ్లీ ఎప్పుడైనా ఖాళీలొస్తే చూడమంది.

అమ్మీ వంటింట్లోంచి అంతా వింది. రొట్టె కాల్చి నా కంచంలో వేసి, "ఆ బొట్టు సంగతి మొదటి రోజే చెప్పుంటే పోయేది గదనే" అంది.

"నువ్వైతే చెప్పుండేదానివా?"

అమ్మీ ఆలోచించి, "ఊహూఁ" అంది. ఇంకో రొట్టె వేసింది.

ఇద్దరం తిన్నాం. కోపం ఎవరి మీదో తెలియడం లేదు. సార్ మీద కాదు. నాగులు మీద కాదు. ఆ కంపెనీ అమ్మాయి మీద అంతకన్నా కాదు. బాధగా ఉంది, అంతే. ఈ రెండు నెలలూ ఆ ఉద్యోగాన్ని తలుచుకునే ఆ పలక ముక్కలన్నీ ఊడ్చాను.

డిసెంబరు 16, సోమవారం

పొద్దున ల్యాబుకు వెళ్లేసరికి సార్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. నల్లపంచె, నల్లచొక్కా, ముఖం చూస్తే భయమేసింది. అమ్మీ నిన్న ఆయనకు ఫోన్ చేసిందట. ఈ ఆడమనిషి నాకు చెప్పలేదు.

"ఉద్యోగం పోయిందంట?"

"అవును సార్."

"డిసెంబరులోపు కాగితం ఇయ్యాలని నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

అంతే. వరండా అంతా దద్దరిల్లింది.

"బుద్ధుందా నీకు? నోట్లో నాలుకుందా లేదా? నేను వాళ్లకు ఒక ఫోన్ కొట్టి నెల గడువు అడిగుండేవాణ్ణి గదా. ప్రిన్సిపాల్ చేత రాయించుండేవాణ్ణి గదా. ఇస్తారో ఇయ్యరో అది వేరే సంగతి. అడిగేదానికేం రోగం? కెమెరా మీద మచ్చుందని రెండు నెలలు చెప్పలే. ఉద్యోగం పోతాందని చెప్పలే. నేను ఎందుకుండానిక్కడ, గిద్దలూరు నుంచి రోజూ రైలెక్కి నీ ముఖం చూసిపోయేదానికా? గైడంటే ఏందనుకున్నావు? ఇంత చదువు చదివి ఏం లాభం, రాతిబొమ్మ మాదిరి నిలబడుకోనుంటే?"

నాగులు బకెట్టు కింద పెట్టి వింటున్నాడు. మెట్ల దగ్గర పేతురు, వాడి వెనక బీటెక్ పిల్లలు సగంమంది. ఎవరో మాలలో ఉండి కోప్పడకూడదు స్వామీ అన్నారు. "నువ్వు పో ముందు" అని ఆయన్నీ కసిరారు. మళ్లీ నా వైపు తిరిగి మొదటినుంచి తిట్టారు. మా మామూ పలకలు ఎన్ని తగలేశానో, కాల్చిన మోటారు ఖరీదెంతో, అన్నీ గుర్తుపెట్టుకున్నారు మనిషి. మా నాయన్ని పిలిపిస్తానన్నారు. మా నాయన లేడని ఆయనకు తెలుసు. గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగి, "మీ అమ్మనన్నా పిలిపిస్తా" అన్నారు.

తల వంచుకుని నిలబడ్డాను. కన్నీళ్లు కారిపోతున్నాయి. అందరూ సిగ్గుతో ఏడుస్తున్నాననుకున్నారు. ఏడాదిన్నరలో ఆయన నాతో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ ఆ ల్యాబు పిల్లనే అని ఇప్పటికి తెలిసింది. అంత సంతోషంగా ఎవరి చేతా తిట్లు తినలేదు.

రేపు ఎనిమిదింటికల్లా రమ్మన్నారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా ల్యాబు మెట్లెక్కనివ్వరట.